మాస్టారు నడిచి వెళ్లిపోయారు

ఆ సోమవారం పొద్దున సిదాతి మాస్టారు పక్క మీద నుంచి లేస్తూనే ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఎడారి అంచున ఉన్న నువాక్‌షోట్ నగరంలో, క్సార్ పేటలో ఉన్న తన ఇంటి గుమ్మం నుంచి సముద్రం దాకా కాలినడకన వెళ్లాలి. దారిలో కనిపించిన ప్రతి సందునూ నోటుపుస్తకంలో గీసుకోవాలి. మధ్యాహ్నం భోజనం వేళకి అవే కాళ్లతో తిరిగి రావాలి.

ముప్ఫయ్యొక్క ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పి రిటైరై రెండు వారాలైంది. గోడ మీది పటంలో అమెజాన్ నది వెంట బెత్తం నడిపిన మనిషే గాని, సొంత ఊళ్లో సొంత కాళ్లతో నడిచింది లేదు. వీధి చివర రొట్టెల దుకాణానికి కూడా కారులోనే. మా ఊళ్లో ఆ వయసు, ఆ గౌరవం ఉన్నవాళ్లెవరూ నడవరు. నడిచారంటే ఇంట్లో ఏదో జరిగిందనే లెక్క.

అయినా ఆయన్ని నడిపించింది ఒక మాట. మూడు రోజుల క్రితం ఎవరో పల్లెటూరి ఆసామి గుమ్మం ముందు ఆగి, "అయ్యా, గుడ్డలకి రంగులద్దే మోదిబో కొట్టు ఎక్కడ?" అని అడిగాడు. మాస్టారు ఆకాశం కేసి చూశారు, ఇసక కేసి చూశారు, గడ్డం సవరించుకున్నారు. లోపల దిండుకి ఆనుకుని కూర్చున్న ఆయన భార్య మక్ఫూలా కదలకుండానే కేకేసి చెప్పింది. "మా వెనక సందే నాయనా. చెప్పులు కుట్టేవాడి పక్కన."

ఆసామి దండం పెట్టి వెళ్లిపోయాక అంది. "వోల్గా నది ఎక్కడ కలుస్తుందో తెలుసు గాని, పాపం, మన వెనక సందు ఎక్కడ కలుస్తుందో తెలీదు మాస్టారికి."

వీధి వీధంతా ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో మక్ఫూలా కూడా అలానే పిలుస్తుంది. కాకపోతే ఆమె నోట ఆ పిలుపు గుచ్చుకుంటుంది. మూడు రాత్రులు ఆయనకి కంటి మీద కునుకు లేదు.

నోటుపుస్తకం, పెన్సిలు, గుప్పెడు ఖర్జూరాలు సంచిలో వేసుకున్నారు. సముద్రపు గాలికి చెమట ఆరదని, మోకాళ్ల కింద దాకా జీరాడే వదులు అంగీలు, అంటే దరాలు, మరో రెండు మడిచి పెట్టుకున్నారు. ఫోను మాత్రం బీరువాలో పెట్టేశారు. అది చేతిలో ఉంటే ఎవరో ఒకరు ఫోను చేస్తారు, ఎక్కడున్నారంటారు, కారు పంపిస్తారు. నడక అక్కడితో సరి.

మక్ఫూలా వాకిట్లో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తి పోస్తూ నురగ తేలుస్తోంది.

"సముద్రం దాకా నడిచి వెళ్తున్నాను" అన్నారు మాస్టారు మెల్లగా.

"నిన్ననేగా మోకాళ్లకి నూనె రాశాను."

"అదంతా కాదు. నిర్ణయించేసుకున్నాను" అని ఈసారి గట్టిగా అన్నారు. "ఇక వెనక్కి తగ్గేది లేదు."

మక్ఫూలాకి నవ్వొచ్చింది. ఆయన నిర్ణయాలన్నీ ఆమెకి తెలుసు. వీధి మలుపు దాకా వెళ్లి తిరిగొస్తారు. "అలాగే వెళ్లండి. వెళ్లి ఆ సముద్రంతోనే కాపురం పెట్టుకోండి. కారు మాత్రం నాకు వదిలేయండి, అదే పదివేలు" అంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి తెస్లెమ్ కాస్త పుదీనా అడుగుదామని గోడ దగ్గరకు వచ్చింది. ఆమె చెవిన సరిగా పడింది రెండు ముక్కలే. నిర్ణయించేసుకున్నాను, వెనక్కి తగ్గేది లేదు. కారు మాత్రం నాకు వదిలేయండి. ఆ వెంటనే గోడ మీద నుంచి తొంగి చూస్తే, మాస్టారు భుజాన సంచి వేసుకుని, తల వంచుకుని, కారు వైపు కన్నెత్తి కూడా చూడకుండా గేటు దాటి వెళ్లిపోతున్నారు. తల వంచుకున్నది అడుగులు లెక్కపెట్టుకోవడానికని ఆమెకేం తెలుసు.

తెస్లెమ్ చాడీలు మోసే మనిషి కాదు. ఒట్టి బాధ్యత కొద్దీ మక్ఫూలా అక్క తెక్బెర్‌కి ఫోను చేసింది.

*

మాస్టారు పెద్ద రోడ్డు ఎక్కి ఎనిమిది వందల అడుగులు వేశారో లేదో, పక్కన కారు ఆగింది. అందులో లెమ్రాబత్. మక్ఫూలా తమ్ముడు.

"బావా, ఎక్కండి."

"ఎక్కను."

"కారు పాడైందా?"

"శుభ్రంగా ఉంది. మీ అక్కకి వదిలేశాను."

లెమ్రాబత్ ఇంజను ఆపేశాడు. "ఆ సంచిలో ఏంటి బావా?"

"బట్టలు."

"అక్కతో ఏమైనా మాటా మాటా వచ్చిందా?"

మాస్టారు అబద్ధమాడే మనిషి కాదు. "ఒక మాట అంది. తప్పు నాదే. కాని మూడు రాత్రులుగా నిద్ర లేదు. ఇవాళ తేల్చేసుకుంటాను."

"ఎక్కడికి వెళ్తారు మరి?"

"ఈ కాళ్లు ఎంత దూరం మోస్తే అంత దూరం."

ప్రతి ముక్కా నిజమే. లెమ్రాబత్ మళ్లీ ఇంజను వేశాడు. కాసేపు బావగారి వెనకాలే కారుని నడక వేగంతో నడిపించాడు. వెనక గాడిద బండ్లూ, ట్యాక్సీలూ హారన్లు మోగించి, మోగించకపోతే అరిచి, అతన్ని పక్కకి తప్పించాయి. అంతలో ఫోను మోగింది. తెక్బెర్.

"ఒరేయ్, తెస్లెమ్ ఏదో అంటోంది. నిజమేనా?"

"నిజమే అక్కా. ఇప్పుడే నా కళ్లతో చూశాను. బట్టలు సర్దుకుని వెళ్లిపోతున్నాడు. కారు చిన్నక్కకే వదిలేశాడు. తప్పు నాదే అని కూడా ఒప్పుకున్నాడు, మహానుభావుడు."

*

ఈ సంగతేమీ తెలియని మాస్టారు మంచి ఉత్సాహంలో ఉన్నారు. పటంలో ఊరు తిన్నగా ఉంటుంది. కాళ్ల కింద ఊరు వేరు. వీధి ఉన్నట్టుండి ఇసకలో మునిగిపోయి, పది గజాల అవతల మళ్లీ తేలుతుంది. వీధులకి పేర్లున్నా ఎవరూ వాడరు. ఆయన నోటుపుస్తకంలో ఇలా రాసుకున్నారు. "పాత లారీ టైరు దగ్గర ఎడమకి. పచ్చ తలుపు. ఒంటె పాలమ్మే ఆవిడ. పొడవాటి తెల్ల గోడ, సుమారు నూట పది అడుగులు. గోడకి ఒకే గేటు."

"ఏయ్, గోడ చూసి ఏం రాస్తున్నావు?"

గేటు ముందు చాప మీద నుంచి కాపలావాడు లేచాడు. నోటుపుస్తకం లాక్కున్నాడు. ఒక్క పేజీ చదివి, మాస్టారి మొహం కేసి చూసి, అక్షరాల వంక మళ్లీ చూశాడు.

"సిదాతి మాస్టారు కదూ? నేనండీ, ఎంబారెక్‌ని. మూడో బెంచీ. భూగోళంలో ఇరవైకి నాలుగు వేశారు నాకు."

"ఎందుకు వేశానో?"

"పటంలో నైలు నదిని కిందికి, దక్షిణానికి పారించాను."

"అయితే నాలుగు కూడా ఎక్కువే" అన్నారు మాస్టారు. నోటుపుస్తకం వెనక్కి తీసుకున్నారు.

ఎంబారెక్ ఆయన్ని వదల్లేదు. చాప దులిపి కూర్చోబెట్టి కుంపటి మీద కెటిల్ పెట్టాడు. మొదటి గ్లాసు తాగి లేవబోతే రెండోది ఉందన్నాడు. రెండోది తాగి లేస్తే, మూడో గ్లాసు తాగకుండా వెళ్లడమంటే నాలుగు మార్కుల కంటే పెద్ద అవమానమన్నాడు. మూడు గ్లాసులూ అయ్యేసరికి గంటన్నర గడిచింది.

"ఇంత దూరం నడక ఎందుకండీ మాస్టారూ?"

"ఊరు తెలుసుకోవాలని."

"ఊరు తెలియాలంటే ఇలా ఒకచోట కూర్చోవాలి మాస్టారూ. ఊరే వస్తుంది" అన్నాడు ఎంబారెక్.

ఈ మాట కూడా నాలుగు మార్కులకే తగినదని మాస్టారు తీర్మానించి పడమటి దిక్కుగా సాగిపోయారు.

*

పది గంటల వేళకి క్సార్‌లో మాస్టారింటి ముందు మూడు కార్లు ఆగాయి. తెక్బెర్ దిగి, వచ్చినామెలా కాక జయించినామెలా లోపలికి నడిచింది. వెనకాల పినతల్లి కూతుళ్లు, వాళ్ల వెనక వండేవాళ్లు.

మా వాళ్లలో విడాకులైన ఆడదాన్ని మూల కూర్చుని ఏడవనివ్వరు. ఇంటి ముందు గుడారం వేస్తారు. డోలు మోగిస్తారు. గొర్రెని కోస్తారు. వదిలిపోయినవాడికి వినపడేలా నాలుక ఆడిస్తూ ఉలులూ అని కేకలు కొట్టి, మా పిల్లకి ఏ లోటూ లేదని ఊరికి చాటుతారు. పాత అభిమాని ఎవరైనా ఉంటే వచ్చి నాలుగు పాదాల పద్యం చదివి, ఆమె అందం ఎక్కడికీ పోలేదని గుర్తు చేస్తాడు. ఎంత త్వరగా చేస్తే అంత గౌరవం. తెక్బెర్ ఇలాంటి విషయాల్లో ఒక్క పూట కూడా ఆలస్యం చేసే మనిషి కాదు.

"అమ్మడూ, ఇంక నీకేం భయం లేదు" అంటూ చెల్లెల్ని కావిలించుకుంది.

"భయమా? దేనికి?"

"అంతా తెలిసింది. నువ్వేం దాచనక్కర్లేదు."

విషయం వినగానే మక్ఫూలా నవ్వింది. "మాస్టారు సముద్రం చూడటానికి వెళ్లారు. ఎండ ముదిరితే ఆయనే వస్తారు."

"సముద్రం చూడటానికి సంచిలో బట్టలెందుకు?" అంది తెక్బెర్.

మక్ఫూలా లేచి పెట్టె తెరిచి చూసింది. దరాలు రెండు లేవు. ఫోను చేసింది. బీరువాలో ఫోను మోగింది. ఆమె మొహంలో నవ్వు తగ్గింది.

"తప్పు నాదే, ఇవాళ తేల్చేస్తాను, అన్నాడక్కా" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ లెమ్రాబత్. "కాళ్లు మోసినంత దూరం పోతానన్నాడు."

మక్ఫూలా చేతిలోని ఫోను పక్కన పెట్టేసింది. వెళ్లి బీరువా ముందు కూర్చుంది. తెక్బెర్ దాన్ని అంగీకారం కింద తీసుకుని, డోలు వాయించే ఆవిడకి కబురు పంపింది.

*

సంత దగ్గర మాస్టారు ఒక బండ నీడన కూర్చుని నోటుపుస్తకం పక్కన పెట్టి చెప్పులోంచి ఇసక దులుపుకుంటుంటే, మేక ఒకటి వచ్చి రెండు పేజీలు నమిలేసింది. క్సార్ నుంచి సంత దాకా గీసిన దారి మొత్తం దాని కడుపులోకి పోయింది. ఇంకొకరైతే ట్యాక్సీ పిలిచి ఇంటికి పోయేవారు. మాస్టారు మేకని అదిలించి, కొత్త పేజీ తిప్పి, "సంత నుంచి సముద్రం" అని శీర్షిక పెట్టి లేచారు.

అక్కడి నుంచి గాలి లేచింది. ఇసక ఎర్రగా కమ్మింది. ఆయన తలపాగా విప్పి కళ్లు మాత్రం కనిపించేలా మొహమంతా చుట్టుకున్నారు. కుడి మడమ మీద బొబ్బ లేచింది. కాసేపటికి ఎడమ మడమకి కూడా అదే గతి పట్టింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక చేపల వాసన తగిలింది. తర్వాత చప్పుడు. ఆ తర్వాత, రంగురంగుల పడవల వెనకాల, నీళ్లు.

ముప్ఫయ్యొక్క ఏళ్లు బెత్తంతో తట్టి చూపించిన అట్లాంటిక్. ఆయన చెప్పులు విడిచి, దరా పైకెత్తి పట్టుకుని నీళ్లలో నిలబడ్డారు. బొబ్బలు భగ్గున మండాయి, తర్వాత చల్లబడ్డాయి. మక్ఫూలాని కూడా తీసుకురావలసింది అనిపించింది. ఆ సంగతి పటంలో ఎక్కడ గుర్తు పెట్టాలో ఆయనకి తోచలేదు.

ఒడ్డున చేపలు కోస్తున్న వొలోఫ్ తెగ ఆవిడ ఒక తిరగేసిన బుట్ట చూపించి కూర్చోమంది. ముసుగులో ఉన్న మనిషిని ఎవరని అడగలేదు.

"విన్నారా పెద్దాయనా? క్సార్‌లో ఎవరో పెద్ద ఆఫీసరుని పెళ్లాం పొద్దున్నే గెంటేసిందట. చెప్పుల్లేకుండా సెనెగల్ వైపు నడిచిపోతున్నాడట."

"అయ్యో పాపం" అన్నారు మాస్టారు మనస్ఫూర్తిగా. కాస్త ఆలోచించి, "ఊరికే గెంటేస్తుందా? ఆ మనిషే ఏదో చేసి ఉంటాడు" అన్నారు.

"మగాళ్లలో మీలాంటి న్యాయం తెలిసినవాణ్ణి చూడలేదు. మీ ఆవిడ అదృష్టవంతురాలు."

"ఆవిడ బంగారం. పొద్దున నవ్వుతూ పంపించింది."

*

తిరుగు దారిలో ఆయన మడమలు కింద ఆనించడం మానేసి, మునివేళ్ల మీద నడవడం మొదలుపెట్టారు. ఆరు ట్యాక్సీలు ఆగాయి. ఆరింటినీ పొమ్మన్నారు. ఏడోది ఆకుపచ్చ డొక్కు మెర్సిడెస్. డ్రైవరు యేరో బయటికి తల పెట్టాడు. వెనక సీట్లో నలుగురు ఆడవాళ్లు. వాళ్ల ఒళ్లో ఒక పెద్ద డోలు.

"అయ్యా, క్సార్‌లో భూగోళం మాస్టారి ఇల్లెక్కడ?"

మాస్టారి మనసు పొంగిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక దారి పొల్లుపోకుండా చెప్పగలిగారు. పచ్చ తలుపు, టైరు, రొట్టెల దుకాణం, రంగులద్దే మోదిబో సందు, అక్కడి నుంచి కుడికి మూడో గేటు. అంతా చెప్పాక అడిగారు. "ఆ ఇంట్లో ఏంటి విశేషం?"

"విడాకుల పండగ" అంది డోలు ఒళ్లో పెట్టుకున్నావిడ. "పొద్దున మాస్టారు పెళ్లాన్ని వదిలేసి పోయాడట."

"ఏ మాస్టారు?"

"ఆ ఇంట్లో ఎంతమంది మాస్టార్లు ఉంటారు?"

"ఆయన వదలలేదమ్మా. నాకు బాగా తెలుసు."

"ఆవిడ తమ్ముడు చెప్పాడు. పక్కింటావిడ చెవులారా వింది. మీరెవరు మధ్యలో?"

మాస్టారు ముసుగు తీసి తానెవరో చెప్పబోయారు. నలుగురు ఆడవాళ్లూ, డోలూ, ఇసకా. ముసుగు ఇంకాస్త బిగించుకున్నారు. ఒక పక్క ఇవాళ బండి ఎక్కనని చేసుకున్న ఒట్టు. ఇంకో పక్క వాకిట్లో తన కాపురం కూలిపోయిందని డోలు కొట్టబోతున్నారు. జీవితంలో ఇంత వేగంగా ఆయన ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ముందు తలుపు తీసి డ్రైవరు పక్కన కూర్చున్నారు.

"నేనూ అక్కడికే. పోనివ్వు బాబూ."

"భోజనం బావుంటుందంటున్నారు" అన్నాడు యేరో గేరు మారుస్తూ. దారి పొడుగునా వెనక ఆవిడ కొత్త పాట సాధన చేసింది. పల్లవిలో మాస్టారి పిసినారితనం, చరణంలో ఆయన మోకాళ్లు వచ్చాయి. పిసినారితనం అబద్ధమని ఆయన ఒక్కసారి గొణిగారు. మోకాళ్ల విషయంలో మౌనం వహించారు.

*

ఇంటి ముందు వీధికి అడ్డంగా గుడారం లేచి ఉంది. డేగిసాలు మరుగుతున్నాయి. గుడారం మధ్యలో షైఖానీ కూర్చుని ఉన్నాడు. మక్ఫూలా పెళ్లి కాకముందు ఆమె మీద పద్యాలు రాసిన మనిషి. గెడ్డం తెల్లబడ్డా గొంతు తెల్లబడలేదు. కానుకగా తెచ్చిన పొట్టేలుని పక్కనే కట్టేసుకుని, పద్యం చదువుతూ మూడో పాదం దాకా వచ్చాడు. మాస్టారు ముసుగు తీయగానే నాలుగో పాదం మింగేశాడు.

గుడారంలో గోల ఆగింది. ట్యాక్సీలో వచ్చిన ఆవిడ మాస్టారి మొహం, ఆ తర్వాత మోకాళ్లు చూసి డోలు వెనక్కి తప్పుకుంది.

"ఏం మొహం పెట్టుకుని వచ్చావు మరిదీ?" అని తెక్బెర్ ఎదురొచ్చింది. "మిగిలిన బట్టలు కావాలా?"

"వదినా, మక్ఫూలా ఎక్కడ?"

"నీ కోసమే పోయింది. వద్దన్నా వినలేదు. వదిలేస్తే నా మొహం మీద చెప్పి వదిలేయమనండి, డోలు చేత చెప్పించుకోను, అంది. సముద్రం వైపు పోయింది. గంటన్నరైంది."

"ఎందులో?"

"ఎందులోనా? నడిచి. కారు నడపడం దానికి రాదు, నడిపేవాళ్లని నేను కదలనివ్వలేదు. ఊళ్లో ట్యాక్సీలన్నీ ఇక్కడికే జనాన్ని మోస్తున్నాయిగా."

మాస్టారు వీధి కేసి చూశారు. మక్ఫూలా పండగకి పుట్టింటికి కూడా కారు గుమ్మంలోకి వస్తేనే ఎక్కుతుంది. నిండైన మనిషి. గాలి, ఎండ, పట్టు చెప్పులు.

లెమ్రాబత్ కారు తాళాలు తీశాడు. "బావా, ఎక్కండి. ఈసారైనా."

"ఎక్కను. ఆమె సందుల్లో పడి పోయి ఉంటుంది. సందుల్లో కారు దూరదు" అన్నారు మాస్టారు. మడమలు రెండూ మండుతుంటే మళ్లీ నడక మొదలుపెట్టారు. పొద్దుటి నడక పటం కోసం. ఈ నడకకి ఆయన ఒక్క అడుగు కూడా లెక్కపెట్టలేదు.

దారి వెతకనక్కర్లేకపోయింది. రొట్టెల దుకాణం దగ్గర అడిగితే, "ఊదారంగు మెలఫా చుట్టుకున్న అమ్మగారేనా? ఇక్కడే కూర్చుని మంచినీళ్లు తాగారు. మా కోడలికి కానుపు పథ్యం చెప్పి వెళ్లారు" అన్నారు. టైరు దగ్గర ఇద్దరన్నదమ్ములు భుజాల మీద చేతులేసుకుని నిలబడి ఉన్నారు. "మూడేళ్లుగా మాటల్లేవు మాకు. ఆవిడ వచ్చి తిట్టి కలిపారు. అలా ఎడమకి వెళ్లారు." ఒంటె పాలమ్మే ఆవిడ, "మా మేనత్త ఊరి మనిషేనట" అని చేత్తో దారి చూపించింది. మాస్టారు పొద్దున వాళ్లందరి ముందు నుంచే నడిచారు. పుస్తకంలో మాత్రం గోడలూ మలుపులే రాసుకున్నారు, పాలమ్మే ఆవిణ్ణి కూడా ఒక మలుపు గుర్తుగానే.

పొడవాటి తెల్ల గోడ పక్కన, ఎంబారెక్ చాప మీద, అతని దిండుకి ఆనుకుని మక్ఫూలా కూర్చుని ఉంది. చెప్పులు పక్కన విడిచి ఉన్నాయి. ఎంబారెక్ మూడో గ్లాసు పోస్తున్నాడు.

"చెప్పానుగా మాస్టారూ, ఒకచోట కూర్చుంటే ఊరే వస్తుందని" అన్నాడు. ఇద్దరి మొహాలూ చూసి, కెటిల్ తీసుకుని గేటు లోపలికి వెళ్లిపోయాడు.

మాస్టారు చాప అంచున కూలబడ్డారు. 

"నన్ను వదిలేశారట" అంది మక్ఫూలా.

"నాకూ ఇందాకే తెలిసింది. ట్యాక్సీలో."

"బట్టలెందుకు తీసుకెళ్లారు?"

"చెమట పడుతుందని."

"ఫోనెందుకు దాచారు?"

"ఎవరైనా కారు పంపిస్తారని."

"తప్పు నాదే అన్నారట. దేనికి?"

"వెనక సందు తెలియకపోవడానికి."

మక్ఫూలా మెలఫా కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటో ఏమో తెలియలేదు. "ఇరవై ఎనిమిదేళ్లుగా వోల్గా గురించి చెప్పారు, అమెజాన్ గురించి చెప్పారు. ఒక్కనాడైనా రా, చూసొద్దాం అన్నారా? సముద్రం కూడా ఒంటరిగానే చూసొచ్చారు."

మాస్టారు సంచి విప్పారు. సంచిలోంచి ఖర్జూరాలు తీసి ఆమె అరచేతిలో పెట్టారు. "నీళ్లలో నిలబడ్డప్పుడు నువ్వుంటే బాగుండుననుకున్నాను" అన్నారు.

"అనుకుంటే చాలదు. ఎప్పుడు తీసుకెళ్తారు?"

"బొబ్బలు మానగానే."

"ఏవీ, చూడనివ్వండి" అని ఆయన పాదం ఒళ్లోకి లాక్కుని చూసి, "పాఠాలు తప్ప ఇంకేం రావు మీకు" అంది. ఈసారి మాట గుచ్చుకోలేదు.

*

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని గుడారం చేరేసరికి పొద్దు వాలింది. అన్నం ఉడికిపోయింది. గొర్రె కోయడం అయిపోయింది. రెండు వందల మంది కూర్చుని ఉన్నారు. మాస్టారు గుడారం మధ్యలో నిలబడి, తరగతికి చెప్పినట్టు, మొదటి నుంచీ వివరంగా చెప్పారు. సముద్రం, సంచి, ఫోను, మోదిబో సందు. విడాకులు జరగనే లేదన్నారు.

అందరూ జాలిగా తలలూపారు. "పాపం, సిగ్గుపడుతున్నాడు" అంది ఒకావిడ. "పశ్చాత్తాపం మగాడికి అందమే" అన్నాడు ఇంకొకాయన. తెస్లెమ్ తాను చెవులారా విన్నది మరోసారి చెప్పింది. లెమ్రాబత్ కళ్లారా చూసింది చెప్పాడు. మాస్టారు రెండోసారి మొదటి నుంచి వివరించారు. మూడోసారి పటం గీసి చూపించబోయారు. డోలు ఆవిడ పిసినారి పల్లవి మానేసి, పట్టువదలని ప్రియుడి మీద కొత్త పల్లవి కట్టేసింది.

"నా మాట విను మరిదీ" అంది తెక్బెర్ ఆయన్ని పక్కకి లాగి. "వండిన అన్నం వెనక్కి పోదు. వచ్చిన జనం పోరు. ఏమీ జరగలేదంటే నన్ను పిచ్చిదంటారు, నిన్ను అబద్ధాలకోరంటారు. మళ్లీ కలిశారు అనేస్తే అందరూ తిని దీవించి పోతారు."

మాస్టారు మక్ఫూలా కేసి చూశారు. ఆమె దిండు సర్దుకుని కూర్చుంది. "నేనేం ఊరికే రాను" అంది. "అడగండి. అందరి ముందూ."

షైఖానీ లేచి, ఇవాళ ఎవరూ వినని తన నాలుగో పాదాన్ని కొద్దిగా మార్చి దంపతుల మీద చదివేశాడు. తగవులు తీర్చే పేట పెద్దాయన, ఇక అడగమన్నట్టు గొంతు సవరించుకున్నారు. సిదాతి మాస్టారు రెండు బొబ్బల కాళ్ల మీద నిలబడి, ఎన్నడూ వదలని భార్యని వెనక్కి రమ్మని రెండు వందల మంది ఎదుట బతిమాలారు. ఆమె కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఉలులూలు మిన్నంటాయి.

జరగని విడాకుల్ని జరగలేదని నమ్మించడం కంటే, భార్యని మళ్లీ ఏలుకోవడమే తేలికని ఆ సాయంత్రం క్సార్ పేటలో తేలింది.